పాట మళ్లీ మొదటికొచ్చే చోట

బ్లూస్ గిటార్ పట్టినవాళ్లంతా ముందు సోలోల వెంట పడతారు. అసలు పాఠం మాత్రం చరణం చివర, రెండంటే రెండు బార్లలో దాక్కుని ఉంటుంది. దాని పేరు టర్న్‌అరౌండ్.

1936 నవంబరు 23, సోమవారం. టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో. గంటర్ హోటల్లో 414వ నంబరు గది. మిసిసిపీ నుంచి వచ్చిన పాతికేళ్ల రాబర్ట్ జాన్సన్ గిటార్ పట్టుకుని మైకు ముందు కూర్చున్నాడు. ఆ రోజు మొట్టమొదట రికార్డయిన పాట ‘కైండ్ హార్టెడ్ వుమన్ బ్లూస్’. మొత్తం మూడు నిమిషాలు కూడా ఉండదు. గొంతు ఆగగానే గిటార్ పై తీగ ఒకే స్వరం మీద మోగుతూ ఉంటుంది, లోపలి తీగ మీద ఇంకో స్వరం మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. దిగి, మాట పూర్తి కాలేదనిపించే ఒక కార్డ్ దగ్గర నిలబడుతుంది. ఆ వెంటనే తర్వాతి చరణం అందుకుంటాడు.

ఈ దిగుడుకు పట్టేది అయిదు సెకన్లు. తొంభై ఏళ్లు కావస్తోంది, బ్లూస్ గిటార్ నేర్పేవాళ్లు ఇప్పటికీ ఆ అయిదు సెకన్లనే నేర్పుతున్నారు. కాకపోతే ఎక్కువమంది చివర్లో, పాఠాలన్నీ అయ్యాక, అలంకారంలా నేర్పుతారు. నా లెక్కలో అది తలకిందుల పద్ధతి. బ్లూస్‌లో చేతికి ముందు రావలసింది ఇదే. ఇది వచ్చినవాడికి తానెక్కడున్నాడో తెలుస్తుంది. ఇది రానివాడు ఎంత వేగంగా వాయించినా తప్పిపోయినట్టే.

పన్నెండు బార్ల లెక్క

మన దగ్గర గిటార్ నేర్చుకునేవాళ్లలో చాలామంది సినిమా పాటలతో మొదలుపెడతారు. నాలుగు కార్డులు, నాలుగు బార్లు, మళ్లీ అవే. పల్లవి ఎక్కడ ముగిసింది, చరణం ఎక్కడ మొదలైంది అన్నది గొంతు చెబుతుంది కాబట్టి గిటార్ పట్టినవాడు లెక్క పెట్టనక్కర్లేదు, తిప్పుతూ పోతే చాలు. బ్లూస్‌లో ఆ సుఖం లేదు. నాలుగు దెబ్బలు ఒక బార్. అలాంటి పన్నెండు బార్లు కలిస్తే ఒక చరణం. మొదటి నాలుగు బార్లు శ్రుతి మీద నిలిచే ఒకటో కార్డ్. తర్వాత రెండు బార్లు నాలుగో కార్డ్, మళ్లీ రెండు ఒకటో కార్డ్. తొమ్మిదో బార్ అయిదో కార్డ్, పదోది నాలుగో కార్డ్. చివరి రెండూ మళ్లీ ఒకటి, అయిదు. ఇందులో చిన్న చిన్న తేడాలుంటాయి గానీ ఎముకల గూడు ఇదే.

మాటల అమరిక కూడా దీనికి సరిపడేదే. చరణానికి మూడు పంక్తులు. మొదటి పంక్తి ఒకసారి పాడి, దాన్నే మళ్లీ పాడి, మూడో పంక్తిలో జవాబు చెబుతారు. ఒక్కో పంక్తికి నాలుగు బార్లున్నా గొంతు వాడుకునేది రెండూ రెండుంపావే. మిగతా జాగా గిటార్‌ది. పొలాల్లో ఒకరు అందుకుంటే మిగతావాళ్లు బదులు పలికిన నల్లజాతి కూలీల పాటల అలవాటు ఇది. ఇక్కడ బదులు పలికే మనుషులు లేరు కాబట్టి గిటార్ పలుకుతుంది.

మూడో పంక్తిలో చివరి మాట పదకొండో బార్ మొదటి దెబ్బ మీద పడుతుంది. అక్కడి నుంచి ఏడు దెబ్బలు ఖాళీ. పాడేవాడు ఊపిరి తీసుకోవాలి, తర్వాతి చరణం గుర్తు తెచ్చుకోవాలి. శనివారం రాత్రి సారా కొట్టాల్లో ఒక్కడే గంటల తరబడి వాయించేవాడికి ఆ ఏడు దెబ్బలు ప్రాణం లాంటివి. ఆడేవాళ్ల కాళ్లు మాత్రం ఆగకూడదు. ఖాళీని అలాగే వదిలేస్తే పాట ముగిసిపోయిందనుకుంటారు. కాబట్టి పాట అయిపోలేదు, ఇంకో చరణం ఉంది అని గిటారే చెప్పాలి. టర్న్‌అరౌండ్ ఈ అవసరంలోంచి వచ్చింది.

మృదంగంలో ముక్తాయింపు విన్న చెవికి ఇది కొంత తెలిసినట్టే ఉంటుంది. లెక్కకట్టి అల్లిన చిన్న పలుకు, ఎక్కడ దిగాలో ముందే తెలిసిన ప్రయాణం. తేడా ఒక్కటే. ముక్తాయింపు గమ్యం చేరి తృప్తిగా తల ఊపుతుంది. టర్న్‌అరౌండ్ కావాలనే గుమ్మం దగ్గరే ఆగి, లోపలికి తర్వాతి చరణాన్ని తోస్తుంది.

రెండు ధైవతాలు పక్కపక్కనే

ఇప్పుడు స్వరాల సంగతి. గిటార్‌లో బ్లూస్‌కు అన్నిటికన్నా చేతికి వీలైన శ్రుతి ‘ఇ’. అత్యంత లావు తీగ, అత్యంత సన్న తీగ రెండూ విడిగా మీటితే అదే స్వరం పలుకుతాయి. దాన్ని షడ్జమం అనుకుందాం. ఒకటో తీగను విడిగా వదిలేసి మోగనివ్వండి. మూడో తీగ మీద ఏడో ఫ్రెట్టు నొక్కితే డి, అంటే కైశికి నిషాదం. ఆరో ఫ్రెట్టు సి షార్ప్, చతుశ్రుతి ధైవతం. అయిదో ఫ్రెట్టు సి, శుద్ధ ధైవతం. నాలుగో ఫ్రెట్టు బి, పంచమం. పైన సా కదలకుండా మోగుతుంటే కింద ని, ద, ద, ప అని అర స్వరం చొప్పున దిగడం. జాన్సన్ ‘ఎ’ శ్రుతిలో వాయించినప్పుడు చేసిందీ ఇదే. అక్కడ ఒకటో తీగ అయిదో ఫ్రెట్టు దగ్గర చిటికెన వేలు నొక్కి ఉంచి, నాలుగో తీగ మీద అయిదు, నాలుగు, మూడు, రెండు అని దిగాలి.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఇక్కడ కనుబొమలు పైకి లేస్తాయి. 72 మేళకర్తల్లో ఒక్కదానిలోనూ ఈ మూడు వరస మెట్లూ కలిసి ఉండవు. భైరవి రాగంలో రెండు ధైవతాలూ ఉన్నాయి నిజమే, కానీ చతుశ్రుతి ధైవతం ఆరోహణకు, శుద్ధ ధైవతం అవరోహణకు. ఒకదాని వెంట ఒకటి జారిపోవడం ఉండదు. బ్లూస్‌కు ఆ పట్టింపు లేదు. ఈ అర స్వరం దిగుళ్లే దానికి రుచి. కదలని సా పక్కన ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా రెండింటి మధ్య పొందిక మారుతుంది. కొంచెం గరుకు, కొంచెం నునుపు, ఇంకాస్త దిగులు, చివరకు పంచమం దగ్గర స్థిరం.

స్థిరపడింది కదా అనుకునేలోపే బి సెవెన్ కార్డ్ వస్తుంది. అందులో పంచమంతో పాటు కాకలి నిషాదం ఉంది, శుద్ధ మధ్యమం ఉంది. కాకలి నిషాదం షడ్జమానికి అర స్వరం కింద నిలబడి పైకి లాగుతుంది. శుద్ధ మధ్యమం గాంధారం వైపు కిందికి లాగుతుంది. రెండూ కలిసి మోగితే చెవి ఊరుకోదు, ఒకటో కార్డ్ వినేదాకా వేచి ఉంటుంది. ఒక్క క్షణం ముందు కైశికి నిషాదం, ఇప్పుడు కాకలి నిషాదం. ఇన్ని విరుద్ధాలను రెండు బార్లలో ఇమిడ్చి వినేవాడికి సహజంగా అనిపించేలా చేయడం మామూలు పని కాదు.

ఇది గిటార్ సొంత ఆస్తి అనుకోనక్కర్లేదు. జాన్సన్ కంటే ముందే పియానో మీద లెరాయ్ కార్, గిటార్ మీద స్క్రాపర్ బ్లాక్‌వెల్ జంటగా 1928లో ‘హౌ లాంగ్, హౌ లాంగ్ బ్లూస్’ రికార్డు చేశారు. ఆ రికార్డు దక్షిణాది అంతా మోగింది. పియానో వాద్యకారుడి ఎడమ చెయ్యి లయ నడుపుతుంటే కుడి చెయ్యి చరణాల సందుల్లో పలికే పలుకుల్ని ఒకే గిటార్ మీదికి తేవాలన్నది ఆ తరం గిటారిస్టుల పంతం. జాన్సన్ అందులో మిగతావాళ్లను మించిపోయాడు.

చేతికి రావాలంటే

ముందు లయ. బ్లూస్ షఫుల్‌లో ఒక్కో దెబ్బ మూడుగా చీలుతుంది. తకిట తకిట తకిట తకిట, ఇది ఒక బార్. మనవాళ్లకు దీనికి వేరే పాఠం అక్కర్లేదు, నోటితో అనుకుంటే చాలు. మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టండి. పదకొండో బార్ మొదటి దెబ్బకు బొటనవేలితో లావు తీగ మీద ఇ. రెండో దెబ్బ తకిటకు డి, మూడోదానికి సి షార్ప్, నాలుగోదానికి సి. ప్రతి తకిటలోనూ త దగ్గర మూడో తీగ, కి దగ్గర ఒకటో తీగ, ట దగ్గర మళ్లీ మూడో తీగ. పన్నెండో బార్ మొదటి దెబ్బకు పంచమంతో కలిపి ఇ కార్డ్. రెండో దెబ్బకు బి సెవెన్. దాన్ని మోగనిచ్చి, మూడు నాలుగు లెక్కపెట్టి, మళ్లీ ఒకటో బార్.

చూస్తే ఇంతే. కష్టమంతా ఆ బి సెవెన్ దగ్గర ఉంది. నాలుగు వేళ్లూ నాలుగు చోట్ల ఒకేసారి పడాలి, ఒక తీగను తాకకుండా వదలాలి. కొత్తవాళ్లు వేళ్లు సర్దుకునేలోపు దెబ్బ దాటిపోతుంది. దాంతో పన్నెండో బార్‌కు నాలుగున్నర దెబ్బలవుతాయి. ఒక్కడే గదిలో కూర్చుని వాయించుకుంటే ఈ అర దెబ్బ అప్పు ఎవరికీ కనబడదు. పక్కన డ్రమ్మర్ ఉంటే మొదటి చరణంలోనే బయటపడుతుంది. దీనికి మందు టర్న్‌అరౌండ్‌ను విడదీసి సాధన చేయడం కాదు. పూర్తి పన్నెండు బార్లు వాయించాలి. పది బార్లు సాదా లయ, ఆ తర్వాత ఈ పలుకు, ఆపకుండా మళ్లీ ఒకటో బార్. అతుకు దగ్గరే కదా పని, అతుకు రెండు వైపులా గుడ్డ లేకుండా కుట్టి లాభమేమిటి.

అంతర్జాలంలో ‘యాభై టర్న్‌అరౌండ్లు’, ‘తప్పక తెలియాల్సిన ఇరవై’ లాంటి వీడియోలు కుప్పలుగా ఉన్నాయి. చూడొద్దనను. కానీ ఆ యాభై తెలిసినవాడికి ఒక్కటీ వేళకు రాకపోవడం తరచూ కనిపించే దృశ్యం. ఒకటి ‘ఇ’లో, ఒకటి ‘ఎ’లో నిద్రలో లేపి అడిగినా వచ్చేలా ఉంటే మిగతావి వాటికి చిన్న మార్పులుగా వాటంతటవే దొరుకుతాయి. ఒకటో తీగ, మూడో తీగ రెండూ నాలుగో ఫ్రెట్టు దగ్గర పట్టుకుని, రెండిటినీ మూడుకు, రెండుకు జరిపి, చివర్లో ఒకటో తీగ విడిగా, మూడో తీగ ఒకటో ఫ్రెట్టులో ముగిస్తే అది జంట స్వరాలు దిగే ఇంకో రకం. బి సెవెన్‌కు బదులు సి నైన్ పట్టుకుని ఒక ఫ్రెట్టు కిందికి జారి బి నైన్‌లో దిగితే నగరం వాసన వస్తుంది. దిగడానికి బదులు లావు తీగ మీద నాలుగు, అయిదు, ఆరు, ఏడు ఫ్రెట్లు ఎక్కితే అదీ ఒక టర్న్‌అరౌండే. చేరేది అదే పంచమం.

సమాధుల మధ్య సాధన

జాన్సన్ నాలుగు రోడ్ల కూడలిలో సైతానుకు ఆత్మ అమ్మి గిటార్ నేర్చుకున్నాడన్న కథ అందరికీ తెలుసు. అతని ‘క్రాస్ రోడ్ బ్లూస్’లో సైతాను ప్రస్తావనే లేదు. చీకటి పడుతుంటే బండి ఎక్కించుకునేవాడు లేక కూడలిలో చిక్కుకున్న మనిషి గోడు అది. ఆ రోజుల్లో మిసిసిపీలో రాత్రివేళ ఒంటరిగా రోడ్డు మీద దొరికిన నల్లవాడికి సైతాను కన్నా భయపడాల్సినవాళ్లు వేరే ఉండేవారు.

అసలు గురువు ఐక్ జిమర్మన్ అనే మనిషి. జాన్సన్ పుట్టిన హేజిల్‌హర్స్ట్ దగ్గర్లోని బోరిగార్డ్ ఊళ్లో ఉండేవాడు. యువకుడైన జాన్సన్ గిటార్ వాయిస్తే జనం చెవులు మూసుకునేవారని బ్లూస్ గాయకుడు సన్ హౌస్ తర్వాతి రోజుల్లో చెప్పాడు. ఆ కుర్రాడు కొంతకాలం కనబడకుండా పోయి తిరిగొచ్చేసరికి హౌస్ నోరెళ్లబెట్టాడు. మధ్యలో జరిగింది జిమర్మన్ ఇంట్లో మకాం, రాత్రుళ్లు ఊరి శ్మశానంలో సమాధుల మీద కూర్చుని సాధన. అక్కడ నిశ్శబ్దం. తప్పు వాయిస్తే తిట్టేవాళ్లూ లేరు. సైతాను కథ ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించడం కష్టం కాదు. మంత్రం కంటే సాధన నమ్మడం జనానికి ఎందుకో ఎప్పుడూ కష్టమే.

తన విద్యను మాత్రం జాన్సన్ అంత తేలిగ్గా ఇచ్చేవాడు కాదు. ఎవరైనా తన వేళ్ల వంక తదేకంగా చూస్తే తిరిగి కూర్చునేవాడని, లేచి వెళ్లిపోయేవాడని కూడా తోటివాళ్లు చెప్పుకున్నారు. శాన్ ఆంటోనియోలో ఇతర వాద్యకారుల ముందు గోడవైపు తిరిగి వాయించాడని నిర్మాత డాన్ లా చెప్పాడు, అది సిగ్గు అనుకున్నాడు. మూలలో కూర్చుంటే గిటార్ నాదం గట్టిగా తిరిగొస్తుంది, అందుకే అలా కూర్చున్నాడని గిటారిస్టు రై కూడర్ వాదన. మొత్తానికి ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పింది రాబర్ట్ లాక్‌వుడ్ జూనియర్‌కు. జాన్సన్ సహజీవనం చేసిన స్త్రీ కొడుకు అతను.

మిగతా ప్రపంచానికి గురువు రికార్డే. 1938 ఆగస్టు 16న, 27 ఏళ్లకే జాన్సన్ పోయాడు. మిగిలినవి 29 పాటలు. 1961లో కొలంబియా కంపెనీ వాటిలో కొన్నింటిని ‘కింగ్ ఆఫ్ ది డెల్టా బ్లూస్ సింగర్స్’ అనే ఎల్పీగా వేశాక ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ కుర్రాళ్లు దాని మీద పడ్డారు. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ప్లేటును కొన్ని ప్లేయర్లలో 16 చుట్ల దగ్గర పెట్టుకునే వీలుండేది. వేగం సగమైతే స్వరం సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతుంది, అంటే సా సాగానే ఉంటుంది, ని నిగానే ఉంటుంది. గొంతు దెయ్యంలా వినిపించినా వేళ్లు ఎక్కడెక్కడ పడ్డాయో పట్టుకోవచ్చు. ఇప్పుడు ఫోన్‌లోని యాప్ శ్రుతి మారకుండానే వేగం తగ్గిస్తుంది. పని సులువైంది. అప్పటివాళ్లు ఒక్కో పలుకును వందసార్లు విని, వాయించేలోపే నోటితో పాడగలిగే స్థితికి వచ్చేవారు. ట్యాబ్ కాగితం చూసి నేర్చుకునేవాళ్లకు ఆ మెట్టు తప్పిపోతోంది. వేళ్లు పెట్టే ముందు ని ద ద ప అని ఒకసారి పాడి చూడండి, తేడా తెలుస్తుంది.

జాన్సన్ రెండో విడత రికార్డింగు 1937 జూన్‌లో డాలస్‌లో జరిగింది. 508 పార్క్ అవెన్యూ అనే ఆ భవనం ఇప్పటికీ నిలిచి ఉంది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. ఆదివారం పూట గిటార్ క్లాసుకు పిల్లల్ని దింపడానికి వెళ్లేవాళ్లు ఒకసారి అటు తిప్పుకుని రావచ్చు.

షికాగో, మెంఫిస్, లాస్ ఏంజెలిస్

మిసిసిపీ డెల్టాలో ఒంటరిగా వాయించేవాళ్లకు పన్నెండు బార్లంటే ఖచ్చితంగా పన్నెండు కావు. పదకొండున్నర కావచ్చు, పదమూడు కావచ్చు. టెక్సాస్‌వాడు లైట్నిన్ హాప్‌కిన్స్, మిసిసిపీవాడు జాన్ లీ హుకర్ చివరిదాకా అలాగే వాయించారు, వెంట వాయించేవాళ్ల తిప్పలు వాళ్లవి. 1943లో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పొలం వదిలి షికాగో చేరాడు. అక్కడ కరెంటు గిటార్, మౌతార్గాన్, పియానో, డ్రమ్స్ కలిసి మోగాలి. అయిదుగురు ఒకేసారి ఒకటో బార్‌లోకి దూకాలంటే అందరికీ వినిపించే సైగ కావాలి. ఊపిరి తీసుకోవడానికి పుట్టిన టర్న్‌అరౌండ్ ఇక్కడ ట్రాఫిక్ పోలీసయింది.

లాక్‌వుడ్ కూడా షికాగోలో మౌతార్గాన్ వాయించే లిటిల్ వాల్టర్ లాంటివాళ్ల వెనుక గిటార్ వాయించాడు. జాన్సన్ దగ్గర నేర్చుకున్న మెట్లకు జాజ్ కార్డులు తొడిగాడు. అంతకుముందు మెంఫిస్‌లో యువకుడైన బి.బి. కింగ్‌తో వాయించిన రోజులు తలుచుకుంటూ, కింగ్‌కు అప్పట్లో లయ నిలిచేది కాదని చెప్పేవాడు. తన సంగతి కింగే దాచుకోలేదు, కార్డులు వాయించడం తనకు పెద్దగా రాదని బాహాటంగా ఒప్పుకునేవాడు. అతని బ్యాండ్‌లో టర్న్‌అరౌండ్ పని పియానో, బాకాలు చూసుకునేవి. కింగ్ వాటి మీదుగా ఒంటి తీగ మీద రెండు మూడు స్వరాలు పలికి ఊరుకునేవాడు. ఆ రెండు మూడూ ఎక్కడ పడాలో అప్పటికి అతనికి బాగా తెలుసు.

లాస్ ఏంజెలిస్ దారి వేరు. టి-బోన్ వాకర్ 1947లో రికార్డు చేసిన ‘కాల్ ఇట్ స్టార్మీ మండే’ తర్వాత నైన్త్ కార్డులు నున్నగా జారడం బ్లూస్ గిటార్‌లో మామూలైంది. చివరి రెండు బార్లలో ఒకటి, ఆరు, రెండు, అయిదు అని నాలుగు కార్డులు తిప్పే జాజ్ పద్ధతి కూడా ఆ వైపువాళ్లకు ఇష్టం. నాకు వ్యక్తిగతంగా పాత దిగుడే ఎక్కువ నచ్చుతుంది. జాజ్ తిప్పుడు అందంగా ఉంటుంది, కానీ సమాధుల దగ్గర నేర్చుకున్నట్టు అనిపించదు.

వేదిక మీద

నేర్చుకున్నది నిజంగా వచ్చిందో లేదో తేలేది జామ్‌లో. ముక్కూ మొహం తెలియని నలుగురు వేదిక ఎక్కుతారు. నడిపించేవాడు మూడు మాటలు చెబుతాడు: శ్రుతి, నడక, ఎక్కడి నుంచి. ‘షఫుల్ ఇన్ ఇ, ఫ్రమ్ ది టర్న్‌అరౌండ్’ అన్నాడంటే పాట పదకొండో బార్‌తో మొదలవుతుంది. ‘ఫ్రమ్ ది ఫైవ్’ అంటే తొమ్మిదో బార్ నుంచి. ‘క్విక్ ఫోర్’ అంటే రెండో బార్‌లోనే నాలుగో కార్డ్‌కు వెళ్లి రావాలి. జాన్సన్ తన పాటల్ని తరచూ ఈ దిగుడుతోనే ఎత్తుకునేవాడు, అదే ఆనవాయితీ నిలిచింది. కాబట్టి టర్న్‌అరౌండ్ రానివాడికి పాట ఎత్తుగడే రాదు.

ముగింపూ అదే పలుకు. మొదటి అయిదు దెబ్బల దాకా తేడా ఏమీ ఉండదు. చివర్లో బి సెవెన్‌కు బదులు ఎఫ్ నైన్ పట్టి, ఒక ఫ్రెట్టు జారి ఇ నైన్‌లో దిగితే పాట అయిపోయినట్టు. అది ఆఖరి చరణమని ఎవరూ నోటితో చెప్పరు. నడిపించేవాడు గిటార్ మెడ కొంచెం పైకెత్తుతాడు, లేదా డ్రమ్మర్ వైపు ఒక చూపు విసురుతాడు. ఫ్రెట్ల మీద నుంచి కళ్లు తీయని కొత్తవాడు అది గమనించడు. అందరూ ఇ నైన్ దగ్గర ఆగిపోతే అతనొక్కడే గట్టిగా బి సెవెన్ కొట్టి తలెత్తుతాడు. డ్రమ్మర్ నవ్వి మళ్లీ కర్రలెత్తితే అదృష్టవంతుడు, ఇంకో పన్నెండు బార్లు దొరికినట్టే.